కానుకిచ్చిన పెట్రోలు

డిసెంబర్ 25, రాత్రి

కోపం ఇంకా చల్లారలే. పొద్దుగాల గంత చలిల మా ఆయన కిక్కు కొట్టి కొట్టి కాలు వాపుచేసుకున్నడు. బండి స్టార్టయితేనా! ట్యాంకు మూత తీస్తే గుప్పున కిరోసిన్ వాసన. కిరాణం దుకాణంల సీసాల పెట్రోలు అమ్మే మా చర్చి సంఘపెద్ద, పండుగకని కానుకిచ్చిన పెట్రోలే అది.

ఎండెక్కినంక బండి దగ్గుకుంట, పొగ చిమ్ముకుంట కదిలింది. మేం చర్చికి చేరేసరికి జనం ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయిన్రు. ఆ పెద్దమనిషే లేచి, "ప్రభువా, మా పాస్టరయ్యకు పొద్దుగాల లేసే బుద్ధియ్యి" అని ప్రార్థన చేసిండు. అందరు ఆమెన్ అన్నరు. మా ఆయన గూడ!

"కల్తీ పెట్రోలిచ్చినవని ఆయన మొకం మీదనే చెప్పరాదా?" అని నేనంటే, మా ఆయన "కానుకకు వంకలు పెడ్తమా?" అంటడు.

కొత్త సంవత్సరం ఆరాధనకని ఆ పెద్దమనిషి ఇంకో సీసా పంపిండు. ఆ రోజు అందరి ముందట దాన్ని ఆ పెద్దమనిషి బండిలనే పోస్త. అప్పుడు నేనంట, ఆమెన్.