ఆపకూడని కంప్యూటర్

మార్చి 6, గురువారం

వదిన ఏడుస్తూ ఫోన్ చేసింది. మా వదిన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, తన పెళ్లిలో కూడా. స్కూల్లో గంట మోగించే కంప్యూటర్‌ని చూసుకునేది తనే. ఈరోజు పరీక్ష జరుగుతుంటే అది ఇరవై నిమిషాలు ముందే మోగిందట. టీచర్లు పేపర్లు లాగేసుకున్నారట, పిల్లలు ఒకటే గోలట. హెడ్‌మిస్ట్రెస్ ఒంటికాలి మీద లేచి, దాని ముందు కూర్చునేది నువ్వే కదా, నువ్వు నొక్కకుండా ఎలా మోగుతుందని అడిగిందట.

అప్పుడేం చేస్తున్నావు వదినా అన్నాను. కీబోర్డు మీద దుమ్ము తుడుస్తున్నానంది. గుడ్డ తగిలిందేమో, నేనే నొక్కేశానేమో అంది. ఆ ‘ఏమో’ వినేసరికి నాకు ఒళ్లు మండింది.

మార్చి 7, శుక్రవారం

వచ్చే శుక్రవారం దాకా గడువు. ఈలోపు కారణం తేలకపోతే ఉద్యోగం మానెయ్యమన్నారట.

నెట్‌వర్కులు బాగుచెయ్యడమే నా పని. సాయంత్రం వెళ్లి చూశాను. ఎంత పాత డబ్బా అంటే, అన్నయ్య స్కూటరే నయం. దాన్లో గంట మోగిన టైము రాసి ఉంది కానీ, మోగించమన్నది ఎవరో లేదు. ఆ ప్రోగ్రాంకి నెట్‌వర్క్ మీద ఇంకో కంప్యూటర్ నుంచి కూడా ఆర్డర్ ఇవ్వొచ్చు. ఎవరైనా ఇచ్చారా? ప్యాకెట్ క్యాప్చర్ పెడితే కేబుల్లో వచ్చే ప్రతి మెసేజీ, పంపిన వాళ్ల అడ్రస్‌తో సహా దొరికిపోతుంది. దానికి ముందు డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఇన్‌స్టాల్ చెయ్యాలి. చిటికెలో పని అని వదినకి చెప్పాను.

నా నోటికి తాళం వెయ్యాలి. కొత్త డ్రైవర్ ఈ పాత విండోస్‌లో పనిచెయ్యనంటోంది.

మార్చి 8, శనివారం

పాత వెర్షన్ దొరికింది. ఇన్‌స్టాల్ సక్సెస్‌ఫుల్ అంది కూడా. తీరా క్యాప్చర్ తెరిస్తే నెట్‌వర్క్ కార్డుల లిస్టు ఖాళీ, కేబుల్ తగిలించే కార్డు కనబడందే మెసేజీలు పట్టుకోలేం. రీస్టార్ట్ అడుగుతోంది. అప్పుడే ఇంకో కస్టమర్ ఫోను. వదినా, రీస్టార్ట్ చేసెయ్ అని చెప్పి పరిగెత్తాను.

మార్చి 10, సోమవారం

ఖాళీ. రీస్టార్ట్ చేశావా అంటే చేశానంది. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. యాంటీవైరస్ ఆపాను. అడ్మిన్‌గా రన్ చేశాను. తల ప్రాణం తోకకొచ్చింది. వెళ్తూ వెళ్తూ, మళ్లీ రీస్టార్ట్ చెయ్ వదినా అన్నాను. అలాగే అంది.

మార్చి 11, మంగళవారం

ఖాళీ.

మార్చి 12, బుధవారం, సాయంత్రం 5 గంటలు

దొంగ దొరికింది. గంట దొంగ కాదు, వేరే దొంగ.

ఈ కంప్యూటర్ చివరిసారి ఎప్పుడు ఆన్ అయిందో చూశాను. కిందటి జూన్‌లో! వదినని నిలదీస్తే ఒప్పుకుంది. తను ఆపింది స్క్రీన్ మాత్రమేనట. రీస్టార్ట్ అంటే అది కాదని తనకీ తెలుసు. కానీ కిందటిసారి కరెంటుతో పాటు యూపీఎస్ బ్యాటరీ కూడా అయిపోయినప్పుడు ఈ డబ్బా వారం దాకా లేవలేదట. ఆ వారమంతా వదినే చేతిగంట పట్టుకుని, పీరియడ్ పీరియడ్‌కీ మూడంతస్తులూ ఎక్కి దిగిందట. ఇప్పుడు గానీ ఆపాక లేవకపోతే, ముందు గంట చెడగొట్టింది, ఇప్పుడు కంప్యూటరూ చంపేసింది అంటారే, అంది.

తిట్టాలనుకున్నాను గానీ, నాకూ భయమేసింది. అది నిజంగానే లేవకపోతే?

ఆ మాట తనకి చెప్పలేదు. గంట ప్రోగ్రామూ, టైంటేబులూ కాపీ చేసుకుని, ఇక నొక్కనా అన్నాను. ఉండమని బీరువాలోంచి చేతిగంట తీసి ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు నొక్కమంది.

నల్ల స్క్రీన్. ఫ్యాను ఒకసారి దగ్గింది. వదిన నా చెయ్యి పట్టుకుంది, గోళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. ఎంతసేపటికో విండోస్ బొమ్మ వచ్చింది. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం. చేతిగంట కింద పడి మోగితే వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

లిస్టులో నెట్‌వర్క్ కార్డు! ఉన్నది ఒక్కటే, బంగారం. క్యాప్చర్ ఆన్ చేసి వదిలేశాను. రేపు మళ్లీ గురువారం, గడువుకి ముందు మాకు మిగిలింది అదొక్కటే.

మార్చి 13, గురువారం

వదినని కంప్యూటర్ గదిలోకి అడుగు పెట్టొద్దన్నాను. అందుకని తను హెడ్‌మిస్ట్రెస్ గదిలో, ఆవిడ టేబుల్ ముందే నిలబడి ఉందట. పదకొండూ నలభైకి గంట మళ్లీ తప్పుగా మోగింది. హెడ్‌మిస్ట్రెస్ వదిన చేతుల వంక చూసిందట. ఖాళీ చేతులు!

పరిగెత్తి వెళ్లి క్యాప్చర్ చూశాను. సరిగ్గా ఆ నిమిషానికి, మోగించమని ఆర్డరు, లైబ్రరీ కంప్యూటర్ నుంచి. అది మొన్నమొన్నటిదాకా స్టోర్‌రూమ్‌లో పడుంది. ఈ నెలలోనే తెచ్చి లైబ్రరీలో పెట్టారు. లైబ్రరీ గురువారాలు మాత్రమే తెరుస్తారు. దాన్లో ఎప్పుడో ట్రయల్‌కి వేసిన గంట ప్రోగ్రాం, పదకొండూ నలభై గంట ఒక్కటే ఉన్న పాత టైంటేబుల్‌తో సహా ఇంకా బతికే ఉంది. పాపం, తన డ్యూటీ తను చేస్తోంది.

గుడ్డ కాదు వదినా, నువ్వు కాదు, అన్నాను. నిజంగానా అని మళ్లీ మళ్లీ అడిగింది. అడిగిన ప్రతిసారీ చెప్పాను. నెత్తిన పాలు పోసినట్టుంది నాకు.

మార్చి 14, శుక్రవారం

హెడ్‌మిస్ట్రెస్ స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ వదినకి సారీ చెప్పిందట. వదిన మళ్లీ ఏడ్చిందట. ఈ ఏడుపు నాకు నచ్చింది. పిల్లలకి పరీక్ష మళ్లీ పెడుతున్నారు, ఇక వాళ్ల తిట్లన్నీ నాకే.

మార్చి 15, శనివారం

వదిన ఫోను. స్కూలు వదిలాక ఒక్కతే కూర్చుని కంప్యూటర్‌ని ఆపి, మళ్లీ ఆన్ చేసిందట. చేతిగంట బీరువాలోనే ఉందట.

ఎందుకు చేశావు అన్నాను. ఊరికే, అంది.