అత్త నిజానికి మగవాడే

పైచదువుల కోడలికి, డీటీపీ సెంటర్ నుంచి అత్త ఆశీస్సులు.

ఆ ఊరి లైబ్రరీలో కూర్చుని, థీసిస్ కోసం చేత్తో రాసి పంపిన నీ నాలుగో అధ్యాయం అందింది. మొదటి పేజీలు లేవు, పదకొండో పేజీ నుంచి ఉంది. సరే, ఉన్నంతవరకు కొడదామని కూర్చున్నాను. ఎత్తుకోవడమే "అత్త నిజానికి మగవాడే. ఎంత దాచినా గొంతు పట్టిస్తుంది" అని ఉంది. కీబోర్డు పక్కకి నెట్టేశాను.

నాది బండగొంతే. ఫోనెత్తితే అందరూ "సార్" అంటారు, కాదనను. అంతమాత్రాన యూనివర్సిటీకి రాసి పంపుతావా? కింద ఇంకో ముక్క: "ఈమెను తర్వాత మెత్తబరచవలసి వచ్చింది." ఎవరట మెత్తబరిచింది? మావాడా?

ఫోన్ చెయ్యకు. నా గొంతు విని ఇంకో పేజీ రాసుకుంటావు. నీ కాగితాలు ఇక నేను టైపు చెయ్యను.

ఇట్లు,
పుట్టినప్పటినుంచీ ఆడదాన్నే అయిన నీ అత్త

తా.క. మీ మామయ్య చదివి "శైలి బాగుంది" అన్నారు. ఆయనతో కూడా మాట్లాడ్డం లేదు.

*

అత్తయ్యగారికి, లైబ్రరీ మెట్ల మీద కూర్చుని లెంపలేసుకుంటూ మీ కోడలు రాసేది.

అయ్యో అత్తయ్యా! అది మీ గురించి కాదు, ఒక పాత నాటకంలో అత్త గురించి. అప్పట్లో ఆ వేషం మగవాడు వేసేవాడు. చివరి రంగంలో కోడల్ని పెట్టెతో సహా గెంటేస్తాడు. అదే నాటకాన్ని సినిమా తీసినప్పుడు అత్తగా ఒక నటి వేసింది. సినిమావాళ్లు ముగింపు మార్చి, ఆవిణ్ణి గుమ్మం దగ్గర ఏడిపించేశారు. మగవాడు వేస్తే కాఠిన్యం, ఆడది వేస్తే కన్నీళ్లు. నా వాదనంతా ఇదే. ఈ సంగతి చెప్పే మొదటి పేజీలు వేరే కవర్లో పెట్టి పోస్టు చెయ్యడం మరిచాను. ఇప్పుడు వాటితోపాటు నాటకం పుస్తకం, సినిమా సీడీ కూడా జతచేసి పంపుతున్నాను.

నెలాఖరుకి థీసిస్ ఇవ్వకపోతే మా గైడు మేడమ్ ఇంకో ఏడాది ఆగమంటారు. మీ కాళ్లు పట్టుకుంటాను, టైపు చెయ్యండి.

ఇట్లు,
బుద్ధొచ్చిన మీ కోడలు

తా.క. ఆ నాటకంలో అత్త చాలా గొప్ప పాత్ర. చదివినప్పుడల్లా నాకు మీరే గుర్తొస్తారు.

*

గుర్తు చేసుకునే కోడలికి, గుర్తొచ్చే అత్త రాసేది.

నాటకం చదివాం, సినిమా చూశాం. గెంటాల్సిన మనిషి గుమ్మం పట్టుకుని అంత ఏడుపు ఏడుస్తుందా! ఆడదానికి కోప్పడ్డం చేతకాదనా వాళ్ల ఉద్దేశం? మన కొట్టుకొచ్చి ఓ గంట కూర్చోమను.

నీ మనసులో మాట నాకర్థమైంది. నోరు తెరిచి అడగలేక తా.క.లో పెట్టావు. ఆ వేషం నేనే వేస్తున్నాను. వచ్చే ఆదివారం, మన అపార్ట్‌మెంట్ హాల్లో. కోడలిగా పై అంతస్తు పళ్ల డాక్టరమ్మ. తెర వెనక నుంచి మాటలు అందించడానికి మీ మామయ్య. నాటకం అయ్యేదాకా టైపు సంగతి ఎత్తకు.

ఇట్లు,
తీరిక లేని నీ అత్త

తా.క. నిన్న రిహార్సల్లో "నడు బయటికి!" అన్నాను. డాక్టరమ్మ నిజంగానే లిఫ్టెక్కి వెళ్లిపోయింది. మళ్లీ తీసుకురావడానికి మీ మామయ్య వెళ్లారు.

*

అత్తయ్యగారికి, తల పట్టుకుని కోడలు రాసేది.

నేనేమీ అడగలేదు అత్తయ్యా! మాటవరసకి ఈ సంగతి మా మేడంతో నవ్వుతూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. రైలు టికెట్టు కొనుక్కున్నారు. మీరు నిజంగా గెంటేశారంటే "ఆడది వేస్తే కన్నీళ్లు" అన్న నా వాదన ఆవిడ కళ్లముందే గంగలో కలుస్తుంది. మీరు బాగా చెయ్యాలనే ఉంది, కానీ... చివర్లో కొంచెం ఏడవరూ?

ఇట్లు,
ఇరుక్కుపోయిన మీ కోడలు

తా.క. ఏడుపు రాకపోతే చేతిరుమాల్లో ఉల్లిపాయ ముక్క పెట్టుకోండి. ఈ సలహా నేనిచ్చానని మేడంకి చెప్పకండి.

*

కోడలికి, నోరు పడిపోయిన అత్త రాసేది.

రిహార్సళ్లలో అరిచి అరిచి ఆదివారం పొద్దుటికి నా గొంతు పూర్తిగా పోయింది. హాలు నిండా జనం, ముందు వరసలో మీ మేడమ్. నా మాటలన్నీ నోటికొచ్చింది మీ మామయ్యకొక్కరికే. ఆయన్నే అత్తని చేసి స్టేజీ మీదకి తోశాం.

మొదట్లో అదరగొట్టారు. నడుం మీద చెయ్యి, కనుబొమ్మ ఎగరేత, విసురు, అచ్చం నేనే! జనం విరగబడి నవ్వుతున్నారు. నాకు ఒళ్లు మండుతుందనుకున్నాను. తీరా నవ్వీ నవ్వీ నా డొక్కలు నొప్పెట్టాయి.

చివరి రంగం వచ్చింది. డాక్టరమ్మ పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఈయన "నడు బయటికి" అనాలి. కళ్లు నిండిపోయాయి. "వానొచ్చేలా ఉందమ్మా, రేపు వెళ్దువుగానిలే" అన్నారు.

నేను పక్కనుంచి 'గెంటండి, గెంటండి' అని రెండు చేతులూ ఊపాను. నా వైపు చూసి, "అదిగో, మా ఆవిడ కూడా ఉండమంటోంది" అన్నారు. అత్తకి ఆవిడేమిటని హాలంతా ఒకటే గోల. డాక్టరమ్మ పెట్టె కింద పెట్టేసింది. ఇక ఎలా ముగించాలో తెలియక తెర దించేశాం.

ఒక్కటి చెప్పనా అమ్మాయీ? కొట్టు మూసే వేళైందని కస్టమర్లకి చెప్పడం కూడా మీ మామయ్య వల్ల కాదు. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో గట్టిగా మాట్లాడే వేషం నాకే ఎందుకు పడిందో ఆ పూట తెలిసింది. వేషం ఆడదా మగదా అని కాదు, ఎవరో ఒకరు వెయ్యాలి.

ఇదే ముక్క కాగితం మీద రాసి మీ మేడంకి చూపించాను. కళ్లు తుడుచుకుంటూ చదివారు. మగవాడు వేస్తే కాఠిన్యం అన్న నీ వాదన హాల్లోనే కూలిపోయిందట. థీసిస్ ఇప్పుడే ఆసక్తిగా తయారైందట. మూడు నెలలు గడువిచ్చారు, అధ్యాయం తిరగరాయి. పంపిన రోజే టైపు చేసి పెడతాను.

ఇట్లు,
సైగలతో కాపురం చేస్తున్న నీ అత్త

తా.క. మీ మామయ్య నాటకం విగ్గు ఇంకా తియ్యనంటున్నారు. బట్టతలకి వెచ్చగా ఉందట. కొట్లో కూర్చుంటే వచ్చినవాళ్లు "మేడమ్" అంటున్నారు. ఆయనా పలుకుతున్నారు.