నాన్న మీద వేసిన జోకులు

అక్కగారి దివ్యసముఖమునకు తమ్ముడు వణుకుతూ చేయు విన్నపం.

రెండేళ్లుగా నాన్న మీద జోకులేస్తూ నీకు రాసిన ఉత్తరాలన్నీ వెంటనే పంపు. చెప్పు జారినా తెలియక నాన్న ఒంటి చెప్పుతో ఇల్లు చేరడం, తన పాదమే తొక్కడం మానేస్తే కుట్టుమిషన్ని తిట్టడం, పొట్ట ఉబ్బడం, ఒళ్లు నల్లబడడం, అన్నీ ఒకే జబ్బట. ఎముకల మూలుగలో ప్లాస్మా కణాలు దారితప్పితే వచ్చే అరుదైన రక్త క్యాన్సరట.

"ఏది ముందు మొదలైంది?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఏమోనమ్మా, మావాడు నవ్వడం మొదలెట్టినప్పట్నుంచీ" అన్నాడు నాన్న.

ఆవిడ నవ్వలేదు, రాసుకుంది.

త్వరగా మందు పడితే కాళ్లలో స్పర్శ తిరిగొస్తుందట. ఎంత ఆలస్యం చేశామో ఆ ఉత్తరాల మీది తేదీలే చెప్పాలి. భయంగా ఉందక్కా. నేను బాధపడతానని ఒక్కటి కూడా దాచకు.

నీ తమ్ముడు