మేరీ టీచర్ గారి స్టీరింగ్

మంగళవారం, పటమట

పామర్రు నుంచి మేరీ టీచర్ గారి కారును ఈ ఉదయం నా మెకానిక్ షెడ్డుకు లాక్కొచ్చారు. నిన్న మలుపులో స్టీరింగ్ ఉన్నట్టుండి బిగుసుకుపోయి, కారు కాలువ వంతెన గోడను గుద్దుకుందట. ఆవిడ కుడి చెయ్యి విరిగింది.

ఇదే ఫిర్యాదుతో ఆవిడ ఇంతకుముందు రెండుసార్లు వచ్చారు. "తిప్పేటప్పుడు ఒక్కోసారి లైటు వెలిగి స్టీరింగ్ బరువెక్కుతోందండీ" అన్నారు. నేను స్కానర్ పెట్టి, కనిపించిన లోపం కోడ్‌ను చెరిపేసి ఊరుకున్నాను. రెండోసారి, "కొత్తగా నేర్చుకున్నారు కదండీ, భయానికి అలా అనిపిస్తుంది" అని నవ్వాను కూడా. ఆవిడ తాళాలు తీసుకుని వెళ్లిపోయారు.

ఇవాళ మీటరు తగిలించి, స్టీరింగును పూర్తిగా కుడికి తిప్పి, స్టీరింగ్ సెన్సారుకు వెళ్లే వైర్లను ఒక్కొక్కటే కదిపాను. ఒకదాని దగ్గర రీడింగ్ పోయింది, వదిలితే మళ్లీ వచ్చింది. పైతొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగింది; ఆ కొసలు ఎడమైనప్పుడల్లా స్టీరింగుకు మోటారు సాయం ఆగిపోతుంది. తెగినచోట నల్లబడి ఉంది. అది నిన్న తెగింది కాదు. అప్పుడే ఇలా చూసి ఉంటే పది నిమిషాల్లో దొరికేది.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని, "అయితే తప్పు నాది కాదన్నమాట" అన్నారు. కళ్లు తెరిచి, "ఇక కారు ముట్టుకోవద్దంటున్నారు మా ఆయన. ఈ మాట ఆయనకూ చెప్పండి" అన్నారు.

వరండాలో ఉన్న ఆయనకు కూడా చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను.

"నాకూ ఎన్నోసార్లు చెప్పిందండీ. నేనూ నమ్మలేదు" అన్నారు.

తిరిగి లోపలికి వెళ్లడానికి మా ఇద్దరికీ మొహం చెల్లలేదు.