అనూష నేర్పిన మొదటి పాఠం

ఆదివారం

నా బిడ్డ అనూష జ్వరంతో చనిపోయి నాలుగు నెలలైంది. దాని బూట్లు ఉన్నాయి, తీసుకుపొమ్మని పొద్దున ఒక డాన్స్ మేడం ఫోన్ చేసింది. ఆ ఫోన్ వచ్చేదాకా అది ఆదివారాలు నల్గొండ పోయి కంప్యూటర్ నేర్చుకునేదనే అనుకున్నాను.

పోయి చూస్తే పదిమంది ఆడపిల్లలు అద్దం ముందు వరుసగా నిలబడి ఉన్నారు. తల కదలదు, నడుము కదలదు. ఒక్క కుడి భుజమే పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. ఇంట్లో బియ్యం కడిగేటప్పుడు అనూష అచ్చం అట్లాగే చేసేది. గాలి సోకిందని భయపడి దర్గాకు తీసుకుపోయి తాయత్తు కట్టించాను. అది నవ్వుకుంటూ మెడ వంచి కట్టించుకుంది.

“పిల్లలకు ఏమైంది మేడం?” అని అడిగాను.

“ఏం కాలేదమ్మా. జాజ్ డాన్సుల మొదటి పాఠమే గిది, ఐసోలేషన్ అంటరు. ఒళ్ళంత ఆపి ఒక్క భాగమే కదిలియ్యాలె. వీళ్ళకు నేర్పింది మీ అనూషనే.”

ఒక చిన్నపిల్ల నా దగ్గరికి వచ్చింది. “ఎగిరేముందు మోకాళ్ళు వంచకుంటే అక్క మస్తు తిట్టేది ఆంటీ. ప్లియే చెయ్యకుండ దుంకితే కాళ్ళిరుగుతయే అనేది.”

ఇంట్లో గొంతెత్తి మాట్లాడి ఎరగదు నా బిడ్డ. నాకెందుకు చెప్పలేదని బస్సులో వచ్చినంతసేపూ అదే ఆలోచన.

చెప్తే మాన్పించేదాన్ని. ఆ సంగతి దానికి తెలుసు.