పిశాచిని సంగటికి పిలిచిన అవ్వ

నరసమ్మా, ఈరోజు నీ సంవత్సరీకం అయిపోయింది. ధర్మవరం చుట్టాలు బస్సెక్కారు. ఇక నీకో ముచ్చట చెప్పాలి.

మన మనవరాలు శైలజ నవల రాసింది. రక్తం తాగే పిశాచి ఒకడు పెనుకొండ కోట దిగి వస్తాడు. తోడేలుగా మారే కుర్రాడూ ఉన్నాడు. మీ పుట్టినూరు ముదిగుబ్బలో తోడేళ్లు గొర్రెలతో సరిపెట్టుకునేవి. ఇతగాడు కాలేజీకి కూడా పోతాడు! సరే, అసలు సంగతికొస్తా. ఎవరైనా పిలిస్తే తప్ప ఆ పిశాచి గడప దాటలేడట. నవలలో అవ్వవి నువ్వే. దారిన పోయేవాళ్లందరినీ పిలిచినట్టే వాణ్ణీ, "రాప్పా, ఇంత సంగటి తినిపో" అని పిలిచేశావు.

హైదరాబాదు ప్రచురణకర్తకు అది నచ్చలేదు. పిశాచి మొదట్లోనే అవ్వను చంపితే, ఆమె మనవరాలైన హీరోయిన్‌కు పగ పుడుతుందట. అలా మారిస్తేనే పుస్తకం వేస్తాడట.

పిల్లకిది తొలి పుస్తకం. "మార్చెయ్యిమ్మా, కతే కదా" అన్నాను.

"ఏం మాట్లాడతాండావు తాతా? అవ్వ ఒగసారి సచ్చింది సాలు. నా కతలో సావదు. ఆయప్ప ఏసుకోకుంటే నేనే అచ్చేపిచ్చుకుంటా."

"మరి ఇంట్లోకొచ్చిన పిశాచి?"

"హీరోయిన్ యాడికి పోయింది? రోకలెత్తుకోని అవ్వకు అడ్డం నిలబడతాది."

నా ఎదుటే ఫోన్ చేసి, మార్చనని ఆయనకు చెప్పేసింది.

చివరి పేజీ ఇప్పుడే చదివాను నరసమ్మా. నువ్వింకా పొయ్యి దగ్గరే ఉన్నావు.