ఆరో సంపుటం, 211వ పేజీ

ఆగస్టు 11, సోమవారం

ఈ రోజు ఎవరి సాయమూ లేకుండా రెండు ప్యాకెట్లు ఫైల్ చేశాను. లైబ్రేరియన్ మేడమ్ సెలవులో ఉన్నారు.

సాయంత్రం నాన్న ఫోన్ చేసి, లా క్లాసులు సరే, లైబ్రరీలో నువ్వు చేసే పనేమిటే అని అడిగాడు. చెప్పాను. చట్టాల పుస్తకాలు కొన్ని కుట్టి ఉండవు. బైండర్లలో విడి కాగితాలుంటాయి. చట్టం మారితే మారిన పేజీలు ప్యాకెట్‌లో వస్తాయి. ఏది తీయాలో, ఏది పెట్టాలో పైన షీట్ ఉంటుంది. పాత పేజీ తీసి అట్టపెట్టెలో వేయాలి, కొత్తది పెట్టాలి, బైండర్ ముందు సంతకం చేయాలి. నాన్న ప్లంబర్. ఓస్, పాత వాషర్ తీసి కొత్త వాషర్ వేయడమేగా అన్నాడు. మళ్లీ తనే, మా పనిలో తప్పు చేస్తే నీళ్లు కారి చెప్పేస్తాయి, మీ పనిలో ఎట్లా తెలుస్తుందే అన్నాడు. నవ్వాను.

వెనక నుంచి అమ్మ గొంతు. మా పిల్ల చట్టాలు మారుస్తుందని పక్కింటావిడతో చెబుతోంది.

పొద్దున 42వ ప్యాకెట్ పెట్టాను. పోస్టులో ఎక్కడెక్కడ తిరిగిందో, 41 మధ్యాహ్నం చిరిగిన కవర్లో వచ్చింది. అదీ పెట్టేశాను. పేజీ నంబర్లు చూసుకుంటూ షీట్‌లో ఉన్నట్టే చేశాను, ఒక్కటీ తప్పకుండా. రెండు సంతకాలు. నా సంతకం బాగా కుదురుతోంది.

ఆగస్టు 22, శుక్రవారం

కింద అంతస్తులో లీగల్ క్లినిక్ ఉంది. వకీలుని పెట్టుకోలేనివాళ్ల కేసులు ఫైనలియర్ వాళ్లు చూస్తారు, పైన ప్రొఫెసర్ సార్. అక్కడి నుంచి కళ్లద్దాల అక్క వచ్చింది. వెంట ఒక పెద్దావిడ. ఒకే గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని, అక్కడే వండుకుని, అక్కడే పడుకుని పదహారేళ్లట. గది ఖాళీ చేయమని మొన్న ఇరవయ్యో తేదీన కోర్టు ఉత్తర్వు వచ్చింది.

అక్క ఆరో సంపుటం తీసింది. 211వ పేజీ. అప్పీల్‌కి గడువు అరవై రోజులు. రెండు జిరాక్స్‌లు తీయించుకుంది. సార్ ఊళ్లో లేరు, నెలాఖరుకి వస్తారు, అక్టోబర్ దాకా నిన్నెవరూ కదపలేరు, నిశ్చింతగా ఉండమ్మా అని ఆవిడకి చెప్పింది.

ఆవిడ మాత్రం నా బ్యాగు వైపు చూస్తోంది. పట్టీ ఊడి వేలాడుతోందిగా తల్లీ అని సంచీలోంచి సూది తీసి, నిలబడే కుట్టేసింది. దారం పళ్లతో తెంపింది.

ఆగస్టు 26, మంగళవారం

మంగళ, బుధవారాల్లో బయటివాళ్లకి పాస్ ఇస్తారు. ఒకాయన అలమరాల మధ్య దారి తప్పినట్టు తిరుగుతుంటే నేనే వెళ్లి ఆయనకి కావలసిన పేజీ తీసిచ్చాను. వెళుతూ దండం పెట్టాడు. నాకు దండం పెట్టిన మొదటి మనిషి.

సెప్టెంబర్ 1, సోమవారం

నెలనెలా గోడకి అంటించే ‘లైబ్రరీ కబుర్లు’ ఇకనుంచి నన్ను రాయమన్నారు మేడమ్. కొత్త కుర్చీలు పద్నాలుగు వచ్చాయి. రీడింగ్ హాలు ఇక ఏడింటి దాకా తెరిచి ఉంటుంది. గొడుగులు లోపలికి తేవద్దు. జిరాక్స్ దగ్గర కూర్చునే అటెండర్ పెద్దాయన అది చదివి, జడ్జిగారూ, గొడుగుల మీద తీర్పు బాగుంది, అప్పీల్ చేసుకోవచ్చా అన్నాడు.

సెప్టెంబర్ 16, మంగళవారం, మధ్యాహ్నం 2:30

43వ ప్యాకెట్ వచ్చింది. షీట్‌లో మొదటి వరస: ఆరో సంపుటం, 42వ ప్యాకెట్ నాటి 211వ పేజీ తీసేయండి. ప్రతి పేజీ అడుగున ప్యాకెట్ నంబరు సన్నగా అచ్చువేసి ఉంటుంది. నేను తెరిచిన 211 అడుగున 41 అని ఉంది.

మూడుసార్లు చూశాను.

అట్టపెట్టె నేలమీద గుమ్మరించాను. 42 నాటి పేజీ అందులో ఉంది. గడువు ముప్పై రోజులు. చట్టం మారింది. మారిన పేజీని పొద్దున పెట్టి, మధ్యాహ్నం పాతది రాగానే దాన్ని తీసి పారేసింది నేనే.

ఆగస్టు 20 నుంచి ముప్పై రోజులు. సెప్టెంబర్ 19. శుక్రవారం. ఈ శుక్రవారం.

అదే రోజు, 4:10

43 పెట్టేశాను. ఇప్పుడు 211లో ముప్పై అనే ఉంది. ఎవరు చూసినా సరైన పేజీయే. అట్టపెట్టె నిండింది, ఈ శుక్రవారం చిత్తుకాగితాల్లోకి పోతుంది. మిగిలేది సంతకాల షీట్ ఒక్కటే. అందులో 42 కింద 41 అని నా చేతిరాత. అది ఎవరు చూస్తారు?

ఈ ఉద్యోగం ఉంటేనే హాస్టల్ గది. గది ఉంటేనే చదువు. నాకు ముందున్నమ్మాయి ఒక పుస్తకం తప్పు అలమరాలో పెట్టినందుకు అదే రోజు వెళ్లిపోయిందని అటెండర్ చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. నిజమో కాదో తెలియదు.

41 నాటి పేజీ మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు. నడుస్తుంటే అది లోపల చప్పుడు చేస్తోంది.

సెప్టెంబర్ 17, బుధవారం

చెప్పలేదు.

సెప్టెంబర్ 18, గురువారం

నిన్న క్లినిక్ దాకా వెళ్లాను. కళ్లద్దాల అక్క ఏం కావాలి అంది. స్టాప్లర్ అన్నాను. తీసుకుని పైకొచ్చేశాను. మా కౌంటర్లో మూడు స్టాప్లర్లున్నాయి.

ఈ రోజు పొద్దున మెట్ల మీద కుట్టుమిషన్ ఆవిడ ఎదురైంది. చంకలో బట్ట తాను. బడిపిల్లల యూనిఫాంలు నలభై జతలు ఒప్పుకున్నాను, అక్టోబర్ దాకా ఎవరూ కదపలేరన్నారుగా మీవాళ్లు అంది. నా బ్యాగు పట్టీ పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగి, నిలిచిందే అని మురిసిపోయింది. లోపల కాగితం చప్పుడు చేసింది. ఆవిడకి వినిపించిందేమోనని బ్యాగు ఒంటికి అదుముకున్నాను.

పైకి వెళ్లి, పేజీని మేడమ్ బల్ల మీద పెట్టాను. చెప్పాలనుకున్న మాటలన్నీ మరిచిపోయాను. ఆవిడే ఒక్కొక్కటీ అడిగారు. ఏది ముందు పెట్టావు? నలభై రెండు. ఒక నంబరు రాకపోతే అది వచ్చేదాకా ఆగాలని మొదటిరోజే చెప్పానా లేదా? చెప్పారు. ఇది ఎప్పుడు తెలిసింది? మొన్న. అప్పటిదాకా షీట్ చూస్తున్నావిడ అద్దాలు తీసి నన్ను చూశారు. తప్పు పేజీ పెట్టినందుకు కాదు, రెండు రోజులు దాని మీద కూర్చున్నందుకు నీ మీద కోపం వస్తోంది, అది తర్వాత చూద్దాం, ముందు కిందికి పరుగెత్తు అన్నారు.

కళ్లద్దాల అక్క వేళ్ల మీద లెక్కపెట్టింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. సార్‌కి ఫోన్ చేసి, కాగితాలు ముందేసుకుని కూర్చున్నాక తలెత్తకుండానే, నిన్న నువ్వొచ్చింది స్టాప్లర్ కోసం కాదు కదూ అంది.

సెప్టెంబర్ 19, శుక్రవారం

అప్పీల్ తీసుకున్నారు. 4:40కి. కోర్టు కౌంటర్ ఐదింటికి మూస్తారు. బెంచీ మీద కూర్చున్న కుట్టుమిషన్ ఆవిడకి జరిగిందంతా నేనే చెప్పాను. నలభై జతలు కత్తిరించేశాను తల్లీ అంది. అంతే.

సెప్టెంబర్ 22, సోమవారం

నా ఉద్యోగం సంగతి వచ్చే నెల కమిటీ తేలుస్తుందట. ఈలోగా కబుర్ల షీట్‌లో నువ్వే రాయి, కొత్త కుర్చీల వార్తకి పైన రాయి అన్నారు మేడమ్. రాశాను: ఆరో సంపుటం 211వ పేజీ ఆగస్టు 11 నుంచి సెప్టెంబర్ 16 వరకు తప్పుగా ఉంది. అప్పీల్ గడువు అరవై కాదు, ముప్పై రోజులు. పొరపాటు నాది. ఆ రోజుల్లో ఆ పేజీ చదివినవారు దయచేసి వెంటనే కౌంటర్‌కి రండి.

అటెండర్ రెండుసార్లు చదివాడు. జడ్జిగారూ అనలేదు. జిరాక్స్ రిజిస్టర్ తెచ్చి నా ముందు పెట్టాడు. 211వ పేజీ, మూడు కాపీలు. రెండు క్లినిక్‌వి. మూడోది ఆగస్టు 26. చిక్కుపడ్డ దారం లాంటి సంతకం. బయటివాళ్ల పాస్ మీద అడ్రసు ఉండదు.

ఆయన ముఖం గుర్తు రావడం లేదు. దండం పెట్టిన చేతులే గుర్తున్నాయి.

అక్టోబర్ 7, మంగళవారం

ఆయన వచ్చాడు. జేబులోంచి జిరాక్స్ తీసి, నాలుగు మడతలూ విప్పి కౌంటర్ మీద పరిచాడు. దాని పక్కన తన ఇంటి మీద వచ్చిన కోర్టు ఉత్తర్వు పెట్టాడు. ఇంకా పది రోజులుంది కదమ్మా, అప్పీల్ కాగితం ఎవరితో రాయించుకోవాలి అని అడిగాడు. నడుమ పోయిన నెల ఒకసారి వచ్చాను, బుధవారం, మీరు తల పట్టుకుని కూర్చున్నారు, ఒంట్లో బాగాలేదేమోనని పలకరించకుండా వెళ్లిపోయాను అన్నాడు.

ఉత్తర్వు తేదీ ఆగస్టు 18. ముప్పై రోజులు లెక్కపెట్టాను. సెప్టెంబర్ 17. బుధవారం.

ఈసారి వెంటనే చెప్పాను. ఆయన జిరాక్స్‌ని మళ్లీ అవే మడతల్లో మడవడం మొదలుపెట్టాడు.